పొలం బేరానికి పెట్టకముందు డాక్టరును అడగాల్సిన ప్రశ్న

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఖైనీ అలవాటు. నోటి క్యాన్సర్, 4ఎ దశ అన్నారు. ఆపరేషన్‌కు, రేడియేషన్‌కు 9 లక్షలవుతుందని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చెప్పారు. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ, నల్గొండ దగ్గర ఎకరంన్నర పొలం, తెల్ల కార్డు ఉన్నాయి. పొలం అమ్మేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. అవసరంలో ఉన్నారని తెలిస్తే కొనేవాళ్లు ఎంత తగ్గించి అడుగుతారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ముందు డాక్టరును సూటిగా అడగండి: ఈ వైద్యం జబ్బు నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా? డబ్బు లెక్కంతా ఆ జవాబును బట్టే ఉంటుంది. నాలుగో దశ అనగానే కుంగిపోకండి, 4ఎలో చాలామందికి ఆపరేషన్ వీలవుతుంది. దవడ ఎముక తీయాల్సివస్తే కాలి ఎముకతో అమరుస్తారు. తర్వాత రేడియేషన్, అవసరమైతే దానితోపాటు సిస్‌ప్లాటిన్ కీమో. ఇది పెద్ద ఖర్చే గానీ, దానికి ఒక హద్దుంటుంది.

అదంతా మీరే భరించాలనీ లేదు. రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏటా 10 లక్షల వరకు వైద్యం ఉచితం. పథకంలో ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను (పథకం పనులు చూసిపెట్టే ఉద్యోగిని) కలిసి, వైద్యం మొదలుకాకముందే అనుమతి పెట్టించండి. ముందు కట్టేసి తర్వాత రాబట్టుకుందామనుకుంటే చిక్కుల్లో పడతారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఒకసారి చూపించండి. రద్దీ ఉంటుంది, ఓపిక పట్టండి. కానీ వారం పది రోజుల్లో ఏదో ఒకటి తేల్చుకోండి. ఈ జబ్బు ఎఫ్‌డీ గడువు తీరేదాకా ఆగదు.

ఆ ఎఫ్‌డీ మరో పనికి కావాలి. రేడియేషన్ దాదాపు ఆరు వారాలు, వారానికి అయిదు రోజులు. నోరంతా పుండ్లతో ఆయన రోజూ నల్గొండ నుంచి బస్సులో వచ్చి వెళ్లలేరు. గది అద్దె, ఆటోలు, ముక్కు గొట్టంలో పోసే పాలు, జావ, ప్రొటీన్ పొడి, తోడుండేవాళ్లకు పోయే జీతం... ఇళ్లు గుల్లయ్యేది ఎక్కువగా ఇక్కడే. అందుకు లక్షన్నర విడిగా చేతిలో ఉంచుకోండి.

ఒకవేళ అదుపులో ఉంచడమే మార్గమైతే, ఇమ్యునోథెరపీకి, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యానికి, లక్షల అంచనా చేతిలో పెట్టవచ్చు. అలాంటి మందుల్లో ఒకటైన నివోలుమాబ్ మామూలు మోతాదు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు మూడు వారాలకు 20 మిల్లీగ్రాములే, నోటి మాత్రలతో కలిపి ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత బతికున్నవారు మాత్రలు మాత్రమే వాడినవారిలో నూటికి 16 మంది, ఇది కలిపినవారిలో 43 మంది. ఆ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. మీ నాన్నగారికి అది పనికొస్తుందా అని డాక్టరును అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

ఇక పొలం. ఈ ఏడు ఆయన ఎలాగూ సాగు చేయలేరు, కౌలుకిచ్చేయండి.