పోయిన తాళంచెవి, బ్లూటూత్ తాళం: మీ రెండు భయాల గురించి

ఒక తాళంచెవి పోయింది, ఇంకో నకలు ఎవరి దగ్గరుందో తెలియదు, బ్లూటూత్ తాళం పెడదామంటే హ్యాకింగ్ భయం, బ్యాటరీ భయం అన్నారు. మార్చడమే మంచిదండి. మామూలు తాళంచెవి పోతే తాళమే మార్చుకోవాలి. ఫోన్‌తోనో కోడ్‌తోనో తెరుచుకునే బ్లూటూత్ తాళంలో అయితే ఆ ఒక్క మనిషి కోడ్ తీసేస్తే చాలు.

హ్యాకింగ్ భయం ఉత్తిది కాదు. 2016లో డెఫ్ కాన్ అనే హ్యాకర్ల సదస్సులో ఇద్దరు పరిశోధకులు 16 బ్లూటూత్ తాళాలను పరీక్షించిన ఫలితాలు చూపించారు. అందులో 12 తెరుచుకున్నాయి! కొన్ని పాస్‌వర్డ్‌ను ఏ గుప్తీకరణా (ఎన్‌క్రిప్షన్) లేకుండా గాల్లోకి పంపాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇప్పటికీ ఇస్తున్న కంపెనీదే తీసుకోండి. కంపెనీ పెట్టిన మాస్టర్ కోడ్‌ను (మిగతా కోడ్‌లను పెట్టే, తీసే ముఖ్యమైన కోడ్) మొదటి రోజే మార్చేయండి. యాప్‌లో రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడగడం) ఉంటే తప్పకుండా పెట్టుకోండి.

బ్యాటరీ సంగతి తేలికే. లోపలి బ్యాటరీ అయిపోయినా బయటి నుంచి కరెంటు అందించి తెరవగలిగేలా, బయటివైపు 9 వోల్టుల బ్యాటరీ ఆనించే చోటు గానీ, యూఎస్‌బీ పోర్టు గానీ ఉన్న మోడల్ చూసుకోండి. కంపెనీ ఒప్పుకుంటే తప్ప రీఛార్జబుల్ సెల్స్ వేయకండి. వాటి వోల్టేజీ చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది, బ్యాటరీ అయిపోతోందన్న హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది.

అన్నిటికంటే ముందు మీ తలుపు చూడండి. నేను ఇక్కడే దెబ్బతిన్నాను. గడియ పడాలంటే తలుపును కాస్త లాగాల్సి వచ్చేది, మోటారు దానితో పెనుగులాడి బ్యాటరీలు తినేసేది. గడియ దూరే రంధ్రాన్ని వడ్రంగితో సరిచేయించాకే కుదుటపడింది. మీ గడియ వేలితో తోస్తే సాఫీగా కదులుతోందా? అది చూసి చెప్పండి, మోడల్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.