బుజ్జీ, టిఫిన్ మానేసి కాఫీ తాగుతున్నావంట

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. పెళ్ళిలోపు 10 కిలోలు తగ్గాలని కూర్చున్నావంట, పొద్దున టిఫిన్ మానేసి బ్లాక్ కాఫీ, మధ్యాహ్నం ఒక డైట్ డ్రింక్ డబ్బా, సాయంత్రం ఇంకోటి అంట. ముందు సంతోషమే వేసింది, పట్టుకుంటే వదలవు నువ్వు, ఇంటర్లో ఫిజిక్స్ పోయినప్పుడు కూడా అలాగే మొండిగా కూర్చుని పాసయ్యావు. కానీ రాత్రంతా ఒకటే ఆలోచన, హాస్టల్లో ఒక్కదానివి, నీ రూమ్మేట్‌కి నైట్ షిఫ్టులు, కళ్ళు తిరిగి పడితే చూసేదెవరు? అందుకే పొద్దున్నే ఇది టైప్ చేస్తున్నా, విసుక్కోకుండా చదువు.

పంచదార మానెయ్, వేపుళ్ళు తగ్గించు, రోజూ నడు, ప్రతి పూటా పప్పో గుడ్డో పెరుగో తిను. ఇవి నీకు తెలిసినవే.

కాఫీ చెడ్డదని అనట్లేదు. కెఫీన్ వల్ల ఒంట్లో కేలరీల ఖర్చు కాస్త పెరిగే మాట నిజమే, కానీ అది చాలా కొంచెం, రోజూ తాగితే ఒళ్ళు అలవాటు పడి ఆ కొంచెం కూడా తగ్గిపోతుంది. ఇక డైట్ డ్రింక్ సంగతి. మామూలు కూల్‌డ్రింక్ 330 మి.లీ. డబ్బాలో దాదాపు 35 గ్రాముల పంచదార ఉంటుంది, అది రోజూ తాగేవాళ్ళు డైట్‌కి మారితే లాభమే. నువ్వు మామూలుదే తాగవు కదే, మరి నీకు దేంట్లోంచి తగ్గినట్టు? 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) కూడా బరువు తగ్గడం కోసం, డైట్ డ్రింకుల్లో పంచదార బదులు వేసే ఈ తీపి మందులు వాడొద్దనే చెప్పింది, వీటివల్ల కొన్నేళ్ళ మీద ఒంట్లో కొవ్వు తగ్గట్లేదంట. మీ అమ్మ వాటితో క్యాన్సర్ వస్తుందేమోనని భయపడుతోంది, నా భయం అది కాదు.

2011లో నాకు 41. చిన్నాడు పుట్టాక పెరిగిన ఒళ్ళు ఇంకా తగ్గలేదు, మా పెద్దాడపడుచు కూతురి పెళ్ళి జూన్‌లో. సరిగ్గా నువ్వు చేస్తున్నదే చేశా. బ్యాంకులో మార్చి క్లోజింగ్, నా టేబుల్ డ్రాయర్లో ఎప్పుడూ మూడు డైట్ డబ్బాలు, స్టీలు గ్లాసులో చక్కెర లేని కాఫీ, అదీ అన్నం తిన్న వెంటనే. మొదటి పది రోజుల్లో 3 కిలోలు తగ్గా, సంబరపడి జాకెట్లు కూడా బిగుతుగా కుట్టించుకున్నా. పోయింది ఎక్కువ నీరేనని అప్పుడు నాకెవరు చెప్పారు? రాత్రి పదిన్నరకి మీ మావయ్యా పిల్లలూ పడుకున్నాక వంటింట్లో లైటు వెయ్యకుండా, ఫ్రిజ్ తలుపు తెరిచి ఆ వెలుతుర్లో నిలబడి, మిగిలిన చల్లన్నంలో ఆవకాయ కలుపుకుని గిన్నెలోంచే తినేదాన్ని, ఆ పైన జంతికల డబ్బా. పొద్దంతా డైటే కదా అని సర్దిచెప్పుకునేదాన్ని. పడుకుంటే రెండింటిదాకా ఫ్యాన్ చప్పుడు వింటూ ఉండటమే, తెల్లారి కళ్ళు మండుతుంటే ఇంకో కాఫీ. ఆరు వారాలకి పోయిన 3 కిలోలూ వచ్చి పైన ఇంకో కిలో ఎక్కింది. ఏప్రిల్లో ఒక పొద్దున బాత్రూమ్ దగ్గర గుండె దడదడలాడి పడిపోయా, గడ్డం కింద మూడు కుట్లు, హిమోగ్లోబిన్ 8, అంటే రక్తం బాగా తక్కువ. నన్ను ముందు చూసింది చిన్నాడు, వాడికప్పుడు తొమ్మిదేళ్ళు, కాళ్ళకి చెప్పుల్లేకుండా పక్కింటికి పరిగెత్తాడు. ఆ రోజు వాడి మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

అన్నంతో పాటు కాఫీ, టీ తాగితే అందులో ఉండే టానిన్లనే పదార్థాలు తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవంట. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) వాళ్ళు 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా ఉంది, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా వద్దని, రోజుకి కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటొద్దని. 150 మి.లీ. డికాషన్ కాఫీలోనే 80 నుంచి 120 ఉంటుంది, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65. నీ డబ్బాలు కూడా లెక్కలో వేసుకో, కోలా అయితే వాటిల్లోనూ ఉంటుంది. సాయంత్రం ఐదింటికి తాగినదాంట్లో దాదాపు సగం రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది, నిద్ర చెడితే మర్నాడు ఆకలి ఎక్కువవుతుంది. అందుకని మధ్యాహ్నం రెండు దాటాక కాఫీ వద్దు, కోలా వద్దు. ఎప్పుడన్నా ఫ్రెండ్స్‌తో బయటికెళ్ళి మామూలు కూల్‌డ్రింక్ బదులు డైట్‌ది తాగితే నేనేమీ అనను, కానీ ఆకలేసినప్పుడు మాత్రం దాంతో కడుపు నింపకు. జిమ్ వాళ్ళు కొవ్వు కరిగించే ఫ్యాట్ బర్నర్ అని మాత్రో పొడో ఇస్తే అస్సలు ముట్టుకోవద్దు, నా మీద ఒట్టు, వాటిల్లోనూ కెఫీన్ ఉండొచ్చు, అసలు కెఫీన్ పొడి ఒక్క టీస్పూన్ దాదాపు 28 కప్పుల కాఫీతో సమానమని అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ వాళ్ళే హెచ్చరించారు.

ఒక మాట అడుగుతా, దాచకు. అబ్బాయి వాళ్ళు ఎవరన్నా ఏమన్నా అన్నారా? అంటే నాకు చెప్పు, నేను మాట్లాడతా. నువ్వు పుట్టినప్పుడు 1 కిలో 900 గ్రాములు, ప్రతి వారం నేనే ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో తూకానికి తీసుకెళ్ళేదాన్ని, వంద గ్రాములు పెరిగావంటే మీ నానమ్మ వీధంతా బెల్లం ముక్కలు పంచేది. ఇప్పుడు నువ్వు తిండి మానేశావని వింటే నా చేతులు ఆడట్లేదు తల్లీ.

ఇవాళ సాయంత్రం బస్సుకి పార్సిల్ వేస్తున్నా, కందిపొడి, వేయించిన శనగలు, నెయ్యి చిన్న సీసా. నెయ్యి చూసి భయపడకు, ఇడ్లీకి ఒక్క చెంచా చాలు. రేపు పొద్దున టిఫిన్ తినేముందు ప్లేట్ ఫోటో పెట్టు, నేను చూస్తూ ఉంటా.

మీ అత్త