బంగారమే కదా అని కార్డు గీకితే...

ప్రశ్న: ఐర్లండ్‌లోని గాల్వేలో ఉంటున్నాం. జీతం నా ఒక్కడిదే, ఇద్దరు పిల్లలు. విజయవాడ ఫ్లాటుకు ఈఎంఐ కడుతున్నాను. పదో పెళ్లిరోజుకి మా ఆవిడకి ఒక పాతకాలపు ఫెడే ఉంగరం కొనాలని ఉంది. రెండు చేతులు పట్టుకున్నట్టు ఉంటుంది. 18 క్యారట్లు, 4 గ్రాములు, ధర 2,400 యూరోలు. బ్యాంకులో 3,000 ఉన్నా అది కదపకుండా 22 శాతం వడ్డీ ఉన్న క్రెడిట్ కార్డు మీద తీసుకుందామనుకుంటున్నా. బంగారమే కదా, అవసరమైతే అమ్ముకోవచ్చు. సరేనా?

జవాబు: వద్దండీ. ‘బంగారమే కదా’ అన్న మాట మీ ఒక్కరిదే కాదు, అందుకే ఈ ఉత్తరం ఎంచుకున్నాను.

మీ ఉంగరంలో ఉన్న మేలిమి 3 గ్రాములు. మిగతా ధరంతా పనితనానికి, పాతదనానికి. రోమన్ల కాలం నుంచి వస్తున్న గుర్తు అది, ఇటాలియన్‌లో ఫెడే అంటే నమ్మకం. ఆ ముచ్చటకు విలువ కట్టే కొనుగోలుదారు మీకు డబ్బు కావలసిన వారంలోనే దొరకడు. దొరికేది తూకం వేసేవాడు. మీ ఊరి కథే చూడండి: చేతుల మధ్య హృదయం, పైన కిరీటం ఉండే క్లాడా ఉంగరాలు 1845–49 కరువులో ఎన్నో తాకట్టుకు వెళ్లాయంటారు, అదీ బంగారం విలువకే.

ఇక కార్డు సంగతి. 22 శాతమంటే అసలు తీరకపోతే ఏడాదికి 528 యూరోలు, నెలకు 44. ఏ బంగారం రేటును నమ్ముకుని ఈ వడ్డీ కడతారు? అప్పు చేసి పెళ్లిరోజు చేసుకోవడమేంటండీ!

నన్ను నిజంగా భయపెట్టేది ఆ 3,000. అద్దె, పిల్లల ఖర్చు, ఈఎంఐ కలిపితే ఎన్నాళ్లొస్తుంది? ఐర్లండ్ చట్టం ప్రకారం యజమాని ఇవ్వాల్సిన సిక్ పే ఏడాదికి 5 రోజులే, అదీ జీతంలో 70 శాతం, రోజుకు 110 యూరోలు మించదు. మీరు నెల్లాళ్లు మంచాన పడితే విజయవాడ బ్యాంకు ఆగదు. ఒంటి జీతం ఇంటికి ఆరు నెలల ఖర్చు, ఈఎంఐతో సహా, విడిగా ఉండాలి. అది పోగయ్యేదాకా ఆ ఉంగరం షాపులోనే ఉండనివ్వండి.

వాయిదాల పద్ధతి, పర్సనల్ లోన్ కూడా వద్దు. తర్వాత ఎప్పుడు కొన్నా ఇంటి బీమాలో దాన్ని విడిగా రాయించండి.

ఈ పెళ్లిరోజుకా? మీరున్నది గాల్వేలో. వెండి క్లాడా ఉంగరం ఒకటి నగదు ఇచ్చి కొనండి.