పబ్బు గేటు దగ్గర ఆపేస్తే నల్లగొండ నుంచే ఏం చేయొచ్చు?

మీ ప్రశ్న ఇది: నల్లగొండ నుంచి నలుగురు మగపిల్లలు ఆన్‌లైన్‌లో కవర్ ఛార్జి (ప్రవేశ రుసుము) కట్టి హైదరాబాద్‌లో పేరున్న పబ్బుకు పోతే, ఆధార్ కార్డులు చూసి, మాటతీరు విని, "మీలాంటోళ్లకు కాదు" అని గేటు బయటే నిలబెట్టారు. పైసలు వాపసు రాలేదు. ఏదైనా దారి ఉందా?

ఉంది. ముందు తేల్చుకోవాల్సింది, ఆపినప్పుడు వాళ్లు సరిగ్గా ఏ మాట అన్నారన్నది. ఏ చట్టం కిందికి వస్తుందో ఆ మాటే చెబుతుంది.

తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు కాబట్టి వయసు చూసి ఆపితే తప్పు పట్టలేం. చెప్పులతో రావద్దని, జంటలకే ప్రవేశమని టికెట్ మీద ముందే రాసి ఉన్నా కేసు నిలబడటం కష్టం. ఆ షరతు ఎక్కడా చెప్పకుండా పైసలు తీసుకుని, గేటు దగ్గర "స్టాగ్స్‌కు (జంట లేకుండా వచ్చిన మగవాళ్లకు) లేదు" అన్నారంటే అది సేవాలోపం. "ప్రవేశ హక్కు మాదే" అని గోడకు తగిలించిన బోర్డు చట్టం కాదు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిలో దేన్ని చూపినా హోటళ్లలోకి, వినోద స్థలాల్లోకి రాకుండా అడ్డుకోకూడదని రాజ్యాంగం 15(2) అధికరణం అంటుంది. పుట్టిన చోటు కూడా అందులో ఉన్న సంగతి చాలామందికి తెలియదు.

పైసల సంగతికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటే ఫిర్యాదు వేయొచ్చు. నల్లగొండలోనే కమిషన్ ఉంది కాబట్టి హైదరాబాద్ తిరగాల్సిన పని లేదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపుంటే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. కానీ రూపాయి కట్టకుండా గెస్ట్ లిస్టులో పేరు రాయించుకుని పోయినవాళ్లు వినియోగదారులు కారు. ఈ దారి వాళ్లకు మూసుకుపోయినట్టే.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు పబ్బు బోర్డు మీది పేరుతో నోటీసు పంపడం. ఆ పేరుతో సంస్థే ఉండకపోవచ్చు. బిల్లు మీదో, టికెట్ రసీదు మీదో ఉన్న జీఎస్టీ నంబరును జీఎస్టీ వెబ్‌సైట్‌లో వెతికితే అసలు పేరు, చిరునామా దొరుకుతాయి. ఆ చిరునామాకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. టికెట్ అమ్మిన యాప్‌ను కూడా రెండో ప్రతివాదిగా చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు.

సాక్ష్యం మాత్రం ఆ రాత్రే పోగు చేయాలి. షరతులతో సహా టికెట్ స్క్రీన్‌షాట్, యూపీఐ లావాదేవీ నంబరు, గేటు దగ్గర వీడియో ఉండాలి. బౌన్సర్ చొక్కా మీది ఏజెన్సీ పేరు రాసుకోండి. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ చట్టం ప్రకారం ఏజెన్సీ తన గార్డులకు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇవ్వాలి. అది కనబడితే ఫొటో తీయండి. సీసీ కెమెరా ఫుటేజీ కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి భద్రపరచమని మరునాడే ఈమెయిల్ పెట్టండి. లొల్లి మాత్రం పెట్టుకోవద్దు. ఒక్క తోపులాట జరిగినా "తాగి గొడవ చేశారు" అనే జవాబు వాళ్ల చేతికి ఇచ్చినట్టే.

ఆధార్‌లో ఇంటిపేరు చూసి కులం పేరెత్తి ఉంటే, మీరు ఎస్సీ, ఎస్టీ అయి అన్నవాళ్లు కాకుంటే, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. పదిమంది తిరిగే గేటు దగ్గర అన్నారు కాబట్టి "అందరి ముందు" అనే షరతు తీరుతుంది. ఘటన వేరేచోట జరిగినా మీ ఊరి ఠాణాలోనే ఎఫ్‌ఐఆర్ (దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు) కట్టించుకుని హైదరాబాద్ ఠాణాకు బదిలీ చేయించవచ్చు. దరఖాస్తులో "కులం పేరుతో దూషించారు" అని వదిలేస్తే సరిపోదు. అన్న మాటను అన్నట్టే, ఎంత అసహ్యంగా ఉన్నా, రాయాలి. విన్నవాళ్ల పేర్లు రాయాలి. ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తక్కువ కాని అధికారే చేయాలి. సాయానికి 14566కు, ఉచిత వకీలుకు 15100కు ఫోన్ చేయండి.

ఒకవేళ పబ్బువాళ్లు మధ్యలో ఫోన్ చేసి పైసలు వాపసు ఇస్తామంటే తీసుకోండి, కానీ "ఇక ఎలాంటి ఫిర్యాదూ లేదు" అన్న మెసేజ్‌కు సరే అని జవాబివ్వకండి. పరిహారం అడిగే వీలు అక్కడే పోతుంది.