లేఅవుట్ మీద నెలరోజుల మంచు

చిరంజీవి మేనల్లుడికి,

నీకు, అమ్మాయికి, పిల్లలకి ఆశీస్సులు.

డిసెంబరు మొదట్లో నీ బొమ్మ రైలు లేఅవుట్ మీద మంచు పరిచి, సంక్రాంతి వెళ్ళాక తీసేద్దామనుకుంటున్నానని రాశావు. తప్పకుండా చెయ్యి. కాలిఫోర్నియా కొండల్లో డానర్ పాస్ అనే కనుమ మీదుగా పోయే రైలు దారిని ఎంచుకుని అన్నాళ్ళు కష్టపడి కొండలు కట్టావు. ఏటా సుమారు 9 మీటర్ల మంచు పడే చోటు అది, ఒక్క నెలైనా తెల్లగా కనపడాలి. అయితే మళ్ళీ తీసేసే మంచు అన్నావు కాబట్టి ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఏది వేయాలన్నా అది తిరిగి ఎలా వస్తుందో ముందు తేల్చుకో. చేత్తో ఎత్తి, మడిచి, అట్టపెట్టెలో దాచుకోగలిగినదాన్నే పట్టాల దగ్గరికి రానివ్వు.

వంటింటి సరుకులు వద్దు. వంటసోడా చల్లితే చూడ్డానికి మంచులాగే ఉంటుంది కానీ తేమ తగిలితే గడ్డకడుతుంది, లోహాన్ని పాడుచేస్తుంది. ఉప్పు ఇంకా చెడ్డది. మైదా, బియ్యప్పిండి అయితే పురుగులు పడతాయి, ఎలుకలొస్తాయి. అమ్మాయి ముగ్గుపిండి ఉందంటుందేమో, అదీ వద్దు. అది రాతిపొడి. ఇంజన్ గేర్ల గ్రీజులో చేరిందంటే ఆకురాయిలా పళ్ళని అరగదీస్తుంది. నీళ్ళు పోస్తే ఉబ్బే ఇన్‌స్టంట్ మంచు పిల్లలకి సరదాయే, కానీ అందులో ఉండేది డైపర్లలో తడి పీల్చే పదార్థం. ఆ తడి కంకర మీదికి, రైలు దారి మార్చే పాయింట్ల కిందికి దిగితే నీకే పని. స్ప్రే డబ్బా మంచు అద్దం మీద నుంచి తుడిస్తే పోతుంది, నువ్వు అంటించిన గడ్డి మీద నుంచి పూర్తిగా పోదు. సన్నటి గాజు బుడగల పొడి కూడా అమ్ముతారు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ ఊసే వద్దు.

నీకు కావలసినవి రెండే: తెల్లటి ఫ్లీస్ గుడ్డ, బొంతల్లో పెట్టే పాలియెస్టర్ దూది షీటు. నీది హెచ్‌వో స్కేలు, అంటే అసలు సైజులో 87వ వంతు. 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫ్లీస్ నీ కొండల మీద దాదాపు 26 సెంటీమీటర్ల మంచుతో సమానం. అంగుళం మందం దూది షీటు రెండు మీటర్లు దాటిన మంచు. ఊరి వైపు ఫ్లీస్, పైన కనుమ దగ్గర దూది షీటు, దాని మీద ఫ్లీస్ కప్పు. ఒకే మందం అంతటా పరిస్తే దుప్పటి కప్పినట్టే ఉంటుంది తప్ప మంచులా ఉండదు.

అసలు ఓపిక చూపించాల్సింది అంచుల దగ్గర. ముందు పట్టాల మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిల్ పక్కకి వాల్చి రుద్దు. పట్టాల గీతలు కాగితం మీద పడతాయి. స్లీపర్ల చివర నుంచి కాస్త ఎడంగా గీత గీసుకుని, ఆ కొలతకి గుడ్డ కత్తిరించు. దూది షీటు అయితే కత్తిరించబోయే గీత వెంట తెల్ల జిగురు నీళ్ళలో కలిపి రాసి, ఆరనిచ్చి, అప్పుడు కత్తెర వెయ్యి, పోగులు లేవవు. లేచిన ఒక్క పోగు చాలు, ఇరుసుకి చుట్టుకుని గేర్ల దాకా పాకుతుంది. ఫ్లీస్‌ని కత్తిరించాక బయటికి తీసుకెళ్ళి బాగా దులుపు. గుడ్డలు పరిచాక నీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవాటి పెట్టెని చేత్తో మెల్లగా తోసి చూడు. వంపుల్లో పెట్టె మధ్యభాగం లోపలికీ, కొసలు బయటికీ జరుగుతాయి. ఎక్కడ తగిలితే అక్కడ అంచు తగ్గించు.

పట్టాలు ఖాళీగా ఉంటే మంచు అసంపూర్తిగా కనిపిస్తుందేమో అని టెన్షన్ పడకు. అసలు దారి కూడా అలాగే ఉంటుంది: మంచు కోసే బండి పోయాక మధ్యలో నల్లటి దారి, రెండు పక్కలా తెల్లటి గోడలు. ఆ బండ్లు కూడా చేతులెత్తేస్తే ఏమవుతుందో ఆ దారే చూపించింది. 1952 జనవరి 13న, సరిగ్గా మన సంక్రాంతి రోజుల్లో, సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో రైలు డానర్‌కి పడమట మంచులో కూరుకుపోయి మూడు రోజులు కదల్లేదు. లోపల 226 మంది. పిల్లలకి ఆ సంగతి చెప్పు, నీ లేఅవుట్‌ని ఇంకోలా చూస్తారు.

ఇళ్ళ కప్పులకి విడిగా అట్టముక్కలు కత్తిరించి, పైన పల్చటి ఫెల్ట్ అంటించి ఊరికే ఆనించు. పొగగొట్టం చుట్టూ కాస్త ఖాళీ వదులు, వేడికి అక్కడ మంచు నిలవదు. చెట్లు తీగ మీద గుచ్చినవే కదా, వాటిని పీకేసి, కొమ్మల పైవైపు మాత్రమే తెల్లరంగు వేసిన ఇంకో జత గుచ్చు.

గుడ్డ గుడ్డలాగే కనిపిస్తోందనిపిస్తే, మోడళ్ళ కోసం అమ్మే మంచు పొడిని టీ వడకట్టే జల్లెడతో ఫ్లీస్ మీద పల్చగా రాల్చు. అదీ పట్టాలకి జానెడు దూరంలో, ఇంజన్లన్నీ తీసేసి, పట్టాల మీదా పాయింట్ల మీదా మాస్కింగ్ టేప్ వేశాకే. పట్టాల పక్క అంచులకి బూడిదరంగు చాక్ పొడి వేలితో అద్దు, డీజిల్ బండ్లు పోయే దారి మరీ తెల్లగా ఉండదు. పైన లైటు పసుపుదైతే మంచు మాసినట్టు ఉంటుంది, చల్లటి తెలుపు ఎల్‌ఈడీ పెట్టు. దీపాలు, కొవ్వొత్తులు మాత్రం ఆ దరిదాపులకి రానివ్వకు.

మొదటి రోజు పావుగంట బండి నడిపి ఆపు. ఇంజన్ని తిరగేసి ఇరుసులు చూడు, పోగు కనిపిస్తే పట్టకారుతో లాగెయ్యి. తీసేటప్పుడు ముందు చెట్లు, తర్వాత కప్పులు, ఆఖర్న గుడ్డలు. గుడ్డని నాలుగు వైపుల నుంచి లోపలికి మడిస్తే పొడి అందులోనే ఉండిపోతుంది. మిగిలినదానికి వాక్యూమ్ గొట్టం మూతికి నైలాన్ మేజోడు తొడిగి పట్టు, ఊడిన చిన్న బొమ్మలు లోపలికి పోవు. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో పట్టాలు తుడిచెయ్యి. ప్రతి ముక్క వెనకా అది ఎక్కడిదో రాసిపెట్టు, వచ్చే ఏడాది ఒక పూటలో పరిచేస్తావు.

ఈ వారం ఒక వంపు దగ్గర రెండడుగుల మేర చేసి చూడు. అంచులు కనపడేలా దగ్గర్నుంచి ఫొటోలు తీసి పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
పెద్దమావయ్య