స్కాన్‌లో ఒక గడ్డ తగ్గి, ఇంకొకటి పెరిగితే మందు పనిచేయనట్టేనా?

కాదు, ఇతర అవయవాలకు పాకిన క్యాన్సర్‌లో ఒక గడ్డ కాస్త పెరిగినంత మాత్రాన మందు విఫలమైనట్టు కాదు. అన్ని గడ్డల్లోని కణాలూ జన్యుపరంగా ఒకేలా ఉండవు. ఒకచోట లొంగినవి మరోచోట మొండికేస్తాయి. అందుకే రెసిస్ట్ అనే కొలమానంలో ఎంచుకున్న గడ్డల కొలతలు కలిపి చూస్తారు. మొదటికన్నా 30 శాతం తగ్గితే మెరుగు. అతి తక్కువగా ఉన్నప్పటికన్నా 20 శాతం, కనీసం 5 మి.మీ. పెరిగితే ముదిరినట్టు. లివర్‌లోది 40 నుంచి 30 మి.మీ.కి తగ్గి, ఊపిరితిత్తిలోది 20 నుంచి 23కి పెరిగిందనుకోండి. మొత్తం 60 కాస్తా 53 అయింది, అంటే నిలకడ. కొత్త గడ్డ పుడితే మాత్రం లెక్క మారుతుంది.

బోన్ స్కాన్‌లో మచ్చ ముదురుగా కనిపిస్తే వ్యాధి పెరిగిందనే చాలామంది టెన్షన్ పడతారు. చికిత్స మొదలైన తొలి నెలల్లో, మానుతున్న ఎముక కూడా అలాగే కనిపించవచ్చు.