విలువలున్న లీడ్ దగ్గర కూడా టీమ్ ఎందుకు నోరు విప్పదు?

కొత్తగా టీమ్ లీడ్ అయ్యానని, అందర్నీ సమానంగా చూడాలన్నదే మీ నమ్మకమని, అయినా మీటింగులో ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురే మాట్లాడతారని రాశారు. విలువలు ఉంటే చాలదా, సైకాలజీ కూడా తెలియాలా అని అడిగారు. నేను చాలా ఏళ్లు ఇతరుల కింద పనిచేసి, తర్వాత టీమ్‌లు నడిపినదాన్ని. నా అనుభవంలో రెండూ కావాలి. మీ మనసులో ఏముందో టీమ్‌కి తెలిసే దారి లేదు. మీరు ఎవర్ని ముందు అడిగారు, ఎవరి మాట మధ్యలో తుంచేశారు, చేదు వార్త తెచ్చిన మనిషితో ఎలా మాట్లాడారు, ఇవే వాళ్లు చూస్తారు. సరిగ్గా ఆ చోట్లలో మనుషులు ఎలా నడుచుకుంటారో సైకాలజీ చెబుతుంది.

1950లలో సోలమన్ యాష్ అనే మనస్తత్వవేత్త చేసిన ప్రయోగాలు చూడండి. గీతల పొడవు పోల్చి చెప్పాలి, అంతే. పక్కనున్నవాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెబుతుంటే, అసలు పరీక్షకు వచ్చిన వ్యక్తులు దాదాపు మూడోవంతు సార్లు వాళ్లతో పాటే తప్పు చెప్పారు. గుంపులో ఇంకొక్కరు నిజం చెబితే చాలు, ఆ ఒత్తిడి బాగా తగ్గిపోయింది. కళ్లెదుట కనిపించే గీత విషయంలోనే ఇలా ఉంటే, తన అప్రైజల్ రాసే మనిషి ముందు కూర్చుని "ఈ ప్లాన్ నడవదు" అనడం ఎంత కష్టమో ఆలోచించండి. అందుకే లీడ్ అభిప్రాయం ముందుగా బయటపడకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

నేను పనిచేసిన ఒక మేడమ్ దీన్ని చేసి చూపించారు. కొత్త సాఫ్ట్‌వేర్ విడుదలకు ముందు మీటింగ్. చర్చ మొదలవ్వకముందే అందరికీ చిన్న చీటీలు ఇచ్చి, మీకు భయంగా ఉన్న ఒక్క విషయం రాయండి, పేరు అక్కర్లేదు అన్నారు. ఒక్కో చీటీ తీసి పైకి చదివారు. ఒకదానిలో ఇలా ఉంది: "పాత కస్టమర్ల రికార్డుల్లో చాలావాటికి పుట్టిన తేదీ లేదు. కొత్త ఫారం తేదీ లేకపోతే ముందుకు కదలదు." గదిలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. "ఇది ఎవరు రాశారో నాకు అనవసరం, కానీ దీని గురించి తెలిసినవాళ్లు వివరిస్తే బాగుంటుంది" అన్నారు మేడమ్. కాసేపటికి, కస్టమర్ ఫోన్లు తీసుకునే విభాగం నుంచి అప్పుడే మా టీమ్‌లోకి వచ్చిన అమ్మాయి చేయెత్తింది. అంతవరకు ఏ మీటింగులోనూ ఆమె గొంతు మేము వినలేదు. ఒక సీనియర్ "అది చిన్న విషయమే, తర్వాత చూద్దాం" అనబోతే, మేడమ్ ఆయన్ని ఆపి, "ఆమెను పూర్తి చేయనివ్వండి. రామ్మా, స్క్రీన్ మీద చూపించు" అన్నారు. విడుదల వాయిదా పడింది. మీటింగ్ నోట్సులో ఆ లోపం పక్కన, ఆమెను అడిగి, ఆమె పేరే రాశారు. తర్వాత ఆ అమ్మాయికి చీటీ అవసరం రాలేదు.

దీని వెనకున్న సంగతిని 1985లో స్టాసర్, టైటస్ పరిశోధన చూపించింది. గుంపుగా కూర్చున్నప్పుడు మనం అందరికీ తెలిసినదాని గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం. ఒక్కరికే తెలిసినది చాలాసార్లు బయటకే రాదు. మీ దగ్గర నోరు మెదపనివాళ్ల దగ్గర అలాంటిదే ఏదో ఉండి ఉండొచ్చు.

ఇంకో మాట. మనుషులు ధైర్యంగా చెప్పడం మొదలుపెడితే, మీ చెవిన పడే సమస్యలు పెరుగుతాయి. కంగారు పడకండి. ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించినప్పుడు, మెరుగైన బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేశారనుకోనక్కర్లేదు, దాచకుండా చెప్పుకోగలిగారని ఆవిడ గ్రహించారు.

ఇక విలువల సంగతి. మనలో అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటూనే ఉంటాయి. విలువల మీద మనస్తత్వవేత్త షాలోమ్ ష్వార్ట్జ్ సిద్ధాంతం చెప్పేదీ అదే: అందరి మేలు కోరడం ఒకవైపు లాగితే, గెలుపు, అధికారం ఇంకోవైపు లాగుతాయి. గడువు మెడ మీదకొచ్చిన రోజున, "అందరి మాటా వినాలి" అనే మీ విలువ మొదట వెనక్కి తగ్గుతుంది. కాబట్టి ప్రశాంతంగా ఉన్నప్పుడే దాన్ని నియమంగా పెట్టేసుకోండి.

ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడైతే ఇది మరీ ముఖ్యం. ఊల్మన్, కోహెన్ అనే పరిశోధకులు 2005లో చూపించినదేమిటంటే, మనసుకు నచ్చిన అభ్యర్థికి ఏ అర్హత ఉంటే దాన్నే ముఖ్యమైనదిగా మార్చేసుకుంటాం. ఆ పని తెలిసి చేయం కూడా. అభ్యర్థి ఆడా మగా తెలియకముందే ప్రమాణాలు ఖరారు చేసుకున్నప్పుడు, ఆడా మగా అని చూసే వివక్ష పోయింది. నేను రెజ్యూమెలు తెరవకముందే ప్రమాణాలు రాసిపెడతాను, అదీ విడమరిచి. "కమ్యూనికేషన్ బాగుండాలి" అని రాస్తే మనలా మాట్లాడేవాళ్లే నచ్చుతారు. "కస్టమర్ చెప్పిన సమస్యను, ఇంకొకరు చదివి పరిష్కరించగలిగేలా రాయాలి" అని రాస్తే యాస, తడబాటు లెక్కలోకి రావు.

వచ్చే మీటింగులో చీటీలతో మొదలుపెట్టి, మీ అభిప్రాయం చివర్లో చెప్పండి. మొదట్లో మౌనం ఇబ్బందిగా ఉంటుంది, దాన్ని మీ మాటలతో నింపేయకండి. ఎవరైనా మీకు విడిగా వచ్చి చెప్పిన విషయాన్ని వాళ్లను అడగకుండా అందరి ముందూ పెట్టకండి. మీ పైవాళ్లు చేదు వార్త తెచ్చినవాళ్ల మీద విరుచుకుపడే రకమైతే మాత్రం, ఆ వార్తను మీ టీమ్‌లో ఎవరి పేరూ ఎత్తకుండా మీరే మోసుకెళ్లాల్సి ఉంటుంది.